దుబాయా, ఇంగ్లండా, అమెరికానా? బెంగళూరు తెలుగు టీచర్లకు ఒక లెక్క

విదేశంలో టీచరు ఉద్యోగం వచ్చిందని ఎవరైనా చెప్పగానే స్టాఫ్ రూములో అందరూ అడిగేది ఒకటే: "జీతం ఎంతట?" ఆ అంకెను రూపాయల్లోకి మార్చి, ఇక్కడి జీతం పక్కన పెట్టి, "అమ్మో, మూడింతలు!" అనుకునేసరికి సగం నిర్ణయం అయిపోతుంది. మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో అద్దెకుంటూ ఏదో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో పాఠాలు చెబుతున్న మనవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, జీతాన్ని మూడో ప్రశ్నగా పెట్టుకోండి. మొదటి ప్రశ్న, మీ డిగ్రీ, మీ సబ్జెక్టు ఏ దేశంలో చెల్లుతాయి? రెండోది, ఇంటి అద్దె, పిల్లల చదువు ఎవరి నెత్తిన పడతాయి? ఈ రెండూ తేలాకే జీతం గురించి మాట్లాడుకోవాలి.

మన దగ్గర ఎక్కువగా వినిపించే దారులు మూడు. యూఏఈ లాంటి గల్ఫ్ దేశాల్లోని ఇండియన్ స్కూళ్లు, ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లు, అమెరికాలో జె-1 ఎక్స్ఛేంజ్ వీసా మీద మూడేళ్ల కొలువు. మాల్దీవుల సంగతి మధ్యలో రెండు ముక్కల్లో చెప్తాను.

సగం ఎంపిక మీ సర్టిఫికెట్లే చేసేస్తాయి

ఇంగ్లండ్ విషయం ముందు చెప్పాలి, ఎందుకంటే అక్కడ గేటు దగ్గరే వడపోత ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో శిక్షణ పొందిన టీచర్లు కూడా నేరుగా క్యూటీఎస్ (క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్) అనే అర్హత కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు ఫీజు లేదు. కానీ భారత్ నుంచి వెళ్లేవారికి గణితం, సైన్సు, భాషలు, ఈ సబ్జెక్టుల్లోనే, అదీ 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉంటేనే. డిగ్రీ, బి.ఎడ్. ఉండాలి, ఆ తర్వాత కనీసం ఒక విద్యా సంవత్సరమైనా పనిచేసి ఉండాలి. ప్రైమరీ టీచర్లకు, సోషల్ టీచర్లకు ఈ దారి మూసే ఉంది. పదేళ్ల అనుభవం ఉన్నా అంతే. ఇంకో సంగతి, క్యూటీఎస్ చెల్లేది ఇంగ్లండ్‌లో. స్కాట్లండ్ వెళ్లాలంటే అక్కడి టీచింగ్ కౌన్సిల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి. కన్సల్టెన్సీ వాళ్లు "యూకే అంతా ఒకటే మేడమ్" అంటారు, నమ్మకండి.

జె-1కి సబ్జెక్టు పట్టింపు అంత లేదు, అనుభవం పట్టింపు ఉంది. అమెరికా బ్యాచిలర్స్ డిగ్రీకి సమానమైన డిగ్రీ, కనీసం రెండేళ్ల ఫుల్‌టైమ్ టీచింగ్ కావాలి. మన మూడేళ్ల బీఎస్సీ, దానిమీద బి.ఎడ్. కలిపి సమానమా కాదా అన్నది డిగ్రీ మదింపు చేసే సంస్థ రాసిచ్చే రిపోర్టు మీద ఆధారపడుతుంది. కాబట్టి ఇంటర్వ్యూలకు ముందే ఆ రిపోర్టు తెప్పించుకోవడం మంచిది. హెచ్-1బి మీద వెళ్తానంటే, 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. స్కూలు టీచరు కోసం అంత కట్టే స్కూలు దొరకడం కలే.

గల్ఫ్‌లో ఇండియన్ స్కూళ్లకు మన సిలబస్ తెలిసిన మనిషి కావాలి. బెంగళూరులో సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతులకు చెప్పిన అనుభవం అక్కడ నేరుగా పనికొస్తుంది. ప్రైమరీ, సోషల్, హిందీ, కంప్యూటర్ టీచర్లకు కూడా చోటుంది. దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించేది కేహెచ్‌డీఏ, అబుదాబిలో అడెక్. టీచరు నియామకానికి వాళ్ల ఆమోదం కావాలి. ఆ స్కూళ్ల తనిఖీ నివేదికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఇంగ్లండ్ స్కూళ్లకు ఆఫ్‌స్టెడ్ నివేదికలు అలాగే ఉంటాయి. మనల్ని వాళ్లు ఇంటర్వ్యూ చేసే ముందు మనం వాళ్ల రిపోర్టు చదివి కూర్చుంటే ఆ సంభాషణ తీరే వేరు.

దుబాయ్ ఆఫర్ లెటర్‌లో చూడాల్సిన అంకె

యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. దిర్హమ్ డాలర్‌కు కట్టేసి ఉంటుంది, ఒక డాలర్ అంటే 3.6725 దిర్హమ్‌లు. అందుకే రూపాయి డాలర్ ముందు ఎంత జారితే దిర్హమ్ మనకు అంత బరువెక్కుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చాలామంది దాటేసేది జీతం ముక్కలు.

మొన్న ఒక సైన్సు మేడమ్ ఫోనులో ఆఫర్ చూపిస్తూ, "అక్కా, 5,000 దిర్హమ్‌లట, బాగుందా?" అంది. కింద చూస్తే బేసిక్ 2,000, మిగతాది హౌసింగ్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సులు. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు. ఏడాది పూర్తి చేసినవారికి మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. అంటే 2,000 బేసిక్ మీద ఏడాదికి 1,400 దిర్హమ్‌లు. అదే 5,000లో బేసిక్ 3,000 అయితే 2,100. ఐదేళ్లకు 3,500 దిర్హమ్‌ల తేడా, మొత్తం జీతం ఒకటే అయినా. పీఎఫ్ లేని చోట మీకు చివరికి చేతికొచ్చే ముద్ద ఇదే కాబట్టి, బేరం ఆడితే దీని మీద ఆడాలి.

రెండోది ఇల్లు. స్కూలు ఫ్లాటు ఇస్తోందా, అలవెన్సు ఇస్తోందా? ఫ్లాటు ఇస్తే ఒంటరిగానా, ఇంకో టీచరుతో పంచుకోవాలా? అలవెన్సు అయితే, దుబాయ్‌లో అద్దెను ఏడాదికి కొన్ని చెక్కులుగా ముందే రాసివ్వాలి. వెళ్లిన నెలలోనే పెద్ద మొత్తం కావాలి. అద్దె తక్కువని షార్జాలో ఉండి దుబాయ్‌లో పనిచేసేవాళ్లు బోలెడు మంది. ఆ ట్రాఫిక్‌ను చూస్తే సిల్క్ బోర్డు జంక్షన్ మీద ప్రేమ పుడుతుంది.

మూడోది కుటుంబం. భార్యనో భర్తనో పిల్లలనో తీసుకెళ్లాలంటే కనీసం 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా ఇల్లు ఇస్తే 3,000 ఉండాలి. ఆ గీతకు కాస్త పైన, కింద ఆఫర్లు వస్తుంటాయి. కాబట్టి ఒంటరిగా వెళ్తున్నామా, కుటుంబంతోనా అన్నది ఇంట్లో తేల్చుకోకుండా "సరే" అనకండి. స్కూళ్లు సొంత టీచర్ల పిల్లలకు ఫీజు రాయితీ ఇవ్వడం మామూలే. కానీ ఒక బిడ్డకా, ఇద్దరికా, సగమా, పూర్తిగానా అన్నది లెటర్‌లో రాసుంటేనే లెక్క. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఈ ఒక్క లైను జీతం పెంపుకన్నా విలువైనది.

ఇంగ్లండ్: చేతికి ఎంత వస్తుంది

లండన్ బయట, కొత్తగా చేరే అర్హత గల టీచరుకు 2025 సెప్టెంబరు నుంచి కనీస జీతం ఏడాదికి 32,916 పౌండ్లు. వింటే కళ్లు తిరుగుతాయి. అందులో మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను ఉండదు. ఆపైన 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, మీరు వద్దనకపోతే టీచర్ల పెన్షన్ కోత. అన్నీ పోగా నెలకు రమారమి 2,100 పౌండ్లు. అద్దె, కరెంటు, కౌన్సిల్ ట్యాక్స్, చలికాలంలో గ్యాస్ బిల్లు అందులోంచే. ఒక్క జీతంతో కుటుంబం నెట్టుకురావచ్చు గానీ ఊరికి పంపడానికి పెద్దగా మిగలదు. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తేనే ఇంగ్లండ్ లెక్క కుదురుతుంది. డిపెండెంట్ వీసా మీద వెళ్లినవారు దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, అది దీని బలం.

బయలుదేరక ముందే పడే దెబ్బ ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి వీసాతోపాటు కట్టే రుసుము. పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, 18 లోపు పిల్లలకు 776. వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి కట్టాలి. భార్య, భర్త, ఒక బిడ్డ, మూడేళ్ల వీసా అనుకుంటే 8,538 పౌండ్లు. మన లెక్కలో దాదాపు 10 లక్షల రూపాయలు, వీసా ఫీజు, విమానం టికెట్లు కాకుండానే. దీనికి ఇంట్లో బంగారం కుదువపెట్టాల్సి వస్తే, ముందు ఒక్కరు వెళ్లి కుదురుకున్నాక మిగతావాళ్లు వెళ్లడం మేలు. దీనికితోడు గుర్తింపు పొందిన క్లినిక్‌లో టీబీ పరీక్ష కూడా చేయించుకోవాలి. అది బెంగళూరులోనే అయిపోతుంది.

మరి ఎందుకు వెళ్లాలి? పిల్లలకు ప్రభుత్వ స్కూలు చదువు ఉచితం. క్యూటీఎస్ ఒకసారి వచ్చాక దుబాయ్, సింగపూర్ లాంటి చోట్ల బ్రిటిష్ సిలబస్ స్కూళ్లలో దానికి గిరాకీ ఉంది. అంటే ఇండియన్ స్కూలు జీతంతో కాకుండా ఆ స్కూళ్ల జీతంతో గల్ఫ్‌కు వెళ్లే దారి తెరుచుకుంటుంది. ఫిజిక్స్, గణితం టీచర్లయితే, వయసు ముప్పైల్లో ఉంటే, నా ఓటు ఇంగ్లండ్‌కే.

అమెరికా: మూడేళ్లు అని తెలిసే వెళ్లాలి

జె-1 టీచరు వీసా మూడేళ్లు, స్పాన్సర్ (ఈ ప్రోగ్రామును నడిపే సంస్థ), స్కూలు కలిసి అడిగితే ఇంకో ఏడాదో రెండేళ్లో పొడిగించవచ్చు. ఆ తర్వాత వెనక్కి రావాలి. మళ్లీ ఇదే ప్రోగ్రాములో వెళ్లాలంటే రెండేళ్లు బయట ఉండాలి. భారతీయుల్లో చాలామందికి మెడమీద కత్తిలా ఉన్న ఇంకో నిబంధన, ప్రోగ్రాము ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉంటేనే హెచ్-1బి, గ్రీన్‌కార్డు వంటివాటికి అర్హత అన్నది. ఏ దేశాలవారికి, ఏ నైపుణ్యాలకు ఇది వర్తిస్తుందో చెప్పే అమెరికా జాబితా నుంచి 2024 డిసెంబరు 9న భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం అది ఇంకా వర్తించవచ్చు. జె-1 వీసా కోసం స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 ఫారం మీద ఏం రాశారో చూసుకోండి.

జీతం జిల్లాను బట్టి మారిపోతుంది కాబట్టి ఒక అంకె చెప్పడం కుదరదు. ఖర్చులవైపు మాత్రం ఖచ్చితంగా ఉండేవి స్పాన్సర్ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్, ఇంకా కారు. చిన్న ఊళ్లలో స్కూలుకు బస్సు దొరకదు. లైసెన్సు లేకపోతే ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. ఊరట ఏమిటంటే, మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నుల కోత ఉండదు. జె-1 టీచరు వెంట జె-2 వీసా మీద వచ్చిన భార్య లేదా భర్త వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. వీసా ఇంటర్వ్యూకు చెన్నైకో హైదరాబాదుకో వెళ్లాలి.

నాకు తెలిసి జె-1 బాగా సరిపోయేది పెళ్లికాని టీచర్లకు, లేదా పిల్లలు ఇంకా చిన్నక్లాసుల్లో ఉన్నవారికి. మూడేళ్లు చేసి, డబ్బు కూడబెట్టుకుని, బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూళ్లలో మంచి స్థానంతో తిరిగి చేరొచ్చు. అక్కడే స్థిరపడిపోతామన్న ఆశతో వెళ్లేవారికి ఇది సరైన వీసా కాదు.

మాల్దీవుల గురించి అన్నాను కదా. బెంగళూరు నుంచి నేరుగా విమానముంది, బడులు ఇంగ్లీషు మీడియం, మనవాళ్లు ఎప్పటి నుంచో వెళ్తున్నారు. చిక్కు ఒక్కటే, జీతం రుఫియాలో ఇస్తారు, అక్కడ డాలర్ల కొరత ఉంది. నెలకు బ్యాంకు ద్వారా ఇంటికి ఎంత పంపనిస్తారో అక్కడ పనిచేస్తున్నవారిని అడగండి. సంపాదించింది పంపలేకపోతే ఎంత జీతమైతే ఏం లాభం?

పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉంటే

ఇది విడిగా చెప్పాల్సిన సంగతి. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈలో చేరితే పుస్తకాలు మారవు. వెనక్కి వచ్చినా ఇబ్బంది లేదు. పైగా 11, 12 తరగతులు అక్కడే చదివితే, ఎన్‌ఐటీల్లో విదేశీ విద్యార్థుల కోసం నడిచే డాసా పథకంలో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు విడి కోటా ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే సీటు ఇస్తారు, ఫీజు కూడా డాసాలో మిగతావారికన్నా తక్కువ. బెంగళూరులో చదివిన మన పిల్లలకు ఆంధ్రా, తెలంగాణ ఈఏపీసెట్‌లో లోకల్ అభ్యర్థులు కారన్న చిక్కు ఎటూ ఉంది కాబట్టి, చాలామంది తల్లిదండ్రులకు ఇది బంగారం లాంటి వార్త.

ఇంగ్లండ్‌కు తొమ్మిదో తరగతి పిల్లను తీసుకెళ్తే నేరుగా జీసీఎస్‌ఈ (అక్కడ పదహారేళ్లకు రాసే బోర్డు పరీక్షలు) చదువు మధ్యలో దిగుతుంది. కొందరు నెట్టుకొస్తారు, కొందరు నలిగిపోతారు. ఏడో తరగతి లోపు అయితే సులభం. పదో తరగతి అయితే నేను ఆగమనే చెప్తాను, లేదా అమ్మానాన్నల్లో ఒకరు ముందు వెళ్లండి.

కాగితాల యాత్ర

ఇక్కడ బెంగళూరు తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తిప్పలు ఉన్నాయి. విదేశంలో చూపించే డిగ్రీ మీద ముందుగా ఆ డిగ్రీ ఇచ్చిన రాష్ట్రం ధ్రువీకరణ ముద్ర పడాలి, తర్వాతే మన విదేశాంగ శాఖ ముద్ర. ఎస్వీ యూనివర్సిటీ, ఎస్కే యూనివర్సిటీ సర్టిఫికెట్లు ఆంధ్రప్రదేశ్‌కు, ఉస్మానియావి తెలంగాణకు వెళ్లాలి. కర్ణాటకలో ఎన్నేళ్లున్నా ఇక్కడి ముద్ర దానికి పనికిరాదు. రాష్ట్రం పని అయ్యాక విదేశాంగ శాఖ ముద్రకు ఢిల్లీ వెళ్లక్కర్లేదు, బెంగళూరులోనే ఇవ్వవచ్చు.

ఆ తర్వాతది దేశాన్ని బట్టి ఉంటుంది. సభ్య దేశాలు ఒకరి కాగితాలను ఒకరు ఒకే ముద్రతో ఒప్పుకునే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. ఒమాన్, బహ్రెయిన్, సౌదీ కూడా అందులో ఉన్నాయి, ఒక్క అపోస్టిల్ ముద్రతో సరి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు మాత్రం విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కావాలి. ఏజెంటు "అపోస్టిల్ చేయిస్తే చాలు" అని దుబాయ్ వెళ్లేవారికి చెప్తే, పని తెలియని మనిషని అర్థం.

ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో పని జరగదు, ఒరిజినల్ డిగ్రీ కావాలి. కాన్వొకేషన్‌కు డబ్బు కట్టకుండా ప్రొవిజనల్‌తోనే ఏళ్లు లాక్కొచ్చినవాళ్లు మనలో ఎంతమంది! ఆఫర్ కోసం ఆగకుండా ఇప్పుడే అప్లై చేయండి. కుటుంబాన్ని తీసుకెళ్లేవారికి పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా అదే తోవలో వెళ్లాలి. శుభలేఖ, ఫొటోలు చాలవు.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు ముందు, ఆధార్‌లో భర్త ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. నలుగురు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. ఒంటి పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద యూఏఈలోకి రానివ్వడం 2022 నవంబరులోనే ఆపేశారు. అమెరికా వీసాలో అయితే మీ పేరు ఉండాల్సిన గడిలో "పేరు తెలియదు" అన్న అర్థమొచ్చే మూడు అక్షరాలు పడతాయి, ఆ తర్వాత బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో అవే వెంటపడతాయి. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు సరిగ్గా విడదీయించుకోండి, మిగతా కాగితాలన్నీ దానికి సరిపోల్చండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు ఎటూ పాస్‌పోర్టు ఆఫీసు దారి పట్టాలి కాబట్టి, పేరు మార్పు దానికన్నా ముందే అవగొట్టండి. కొత్త పాస్‌పోర్టు నంబరు వచ్చాక పాత నంబరుతో ఉన్న క్లియరెన్స్ మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది.

ఏజెంటుకు ఎంత ఇవ్వాలి

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ జాబితా ఉంటుంది. అభ్యర్థి దగ్గర వాళ్లు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రెండు లక్షలు, మూడు లక్షలు "ప్రాసెసింగ్" అడిగితే లేచి వచ్చేయండి. యూఏఈ చట్టంలో నియామక ఖర్చులు యజమానివే. ఇంగ్లండ్‌లో స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజును ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నియమం ఉంది. స్పాన్సర్ లైసెన్సున్న సంస్థల పేర్లు బ్రిటన్ ప్రభుత్వమే బహిరంగంగా పెడుతుంది, స్కూలు పేరు అందులో లేకపోతే కథ అక్కడితో సరి.

"ముందు విజిట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం" అనే మాట గల్ఫ్ ఆఫర్లలో ఎక్కువ వినిపిస్తుంది. విజిట్ వీసా మీద క్లాసు తీసుకోవడం చట్టవిరుద్ధం, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేని స్థితి. వర్క్ పర్మిట్ మీద వచ్చిన వీసా చేతికందాకే టికెట్.

ఎప్పుడు బయలుదేరాలి

గల్ఫ్ ఇండియన్ స్కూళ్లకు కొత్త విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో, ఇంగ్లండ్‌కు సెప్టెంబరులో, అమెరికాకు ఆగస్టులో. ఈ తేదీలకు మన పన్ను లెక్కతో సంబంధముంది. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లేవారు ఆ ఆర్థిక సంవత్సరంలో మొత్తం 182 రోజులకన్నా తక్కువ ఇక్కడ ఉంటే ఆ ఏడాదికి ప్రవాసులే. అంటే ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే సెప్టెంబరు 28కల్లా విమానం ఎక్కాలి. మధ్యలో సెలవుకు వచ్చి వెళ్లిన రోజులూ కలుస్తాయి. ఈ మూడు దేశాల మామూలు చేరిక తేదీలన్నీ ఈ గడువులో సరిపోతాయి. ఎవరో మధ్యలో మానేశారని జనవరిలో రమ్మనే దుబాయ్ ఆఫర్‌తోనే చిక్కు, మార్చి వరకు వచ్చిన ఆ పన్నులేని జీతం మీద ఇక్కడ పన్ను పడుతుంది.

వెళ్లాక బ్యాంకుకు చెప్పి ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ప్రవాసుల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతాగా మార్పించాలి. అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి, దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించుకోవచ్చు, ఆపైన పొడిగించడం కుదరదు.

ఇక ఇక్కడి స్కూలు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గడువు ఎంతో ఈ రాత్రే తీసి చూడండి. ఏప్రిల్‌లో దుబాయ్‌లో చేరాలంటే, మూడు నెలల నోటీసున్న స్కూల్లో డిసెంబరు నెలాఖరుకే కాగితం ఇవ్వాలి. అప్పటికి వీసా రాదు, ఒక్కోసారి ఆఫర్ కూడా పక్కా కాదు. కాబట్టి ఆఫర్ ఇచ్చే స్కూలును చేరే తేదీ విషయంలో రెండు వారాల వెసులుబాటు అడగండి, ఇక్కడి ప్రిన్సిపాల్‌తో బోర్డు పరీక్షల దాకా ఉంటానని ముందే మాట్లాడుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండూ స్కూలు లెటర్‌హెడ్ మీద, సబ్జెక్టు, తరగతులు, చేరిన తేదీ, మానిన తేదీ రాయించి, సంతకం, ముద్రతో తీసుకోండి. ఫిజిక్స్ చెప్పినవారికి "సైన్స్ టీచర్" అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకుండా, తరగతులతో సహా తిరిగి రాయించుకోండి.